తెలుగు ప్రోగ్ బ్యాండ్ గురించి సమీక్షకులు రాయాలంటే ఏం చేయాలి?

ముందు ప్రశ్న క్లుప్తంగా. బెంగళూరులో నలుగురు తెలుగువాళ్ల బ్యాండ్. ప్రోగ్రెసివ్ ఆల్టర్నేటివ్ రాక్ (క్లుప్తంగా ప్రోగ్: బేసి తాళాలు, మలుపులు, పొడవైన పాటలు ఉండే రాక్), పాటలన్నీ తెలుగులోనే. రెండు సింగిల్స్ వచ్చాయి, గిగ్‌లకు జనం బాగానే వస్తున్నారు. నాలుగు పాటల ఈపీ (ఆల్బమ్ కంటే చిన్న రికార్డు), మొత్తం 33 నిమిషాలు, రికార్డింగ్ సగంలో ఉంది. నవంబర్ చివరి వారంలో విడుదల చేద్దామని ఆలోచన. ఇప్పటిదాకా ఒక్క పత్రిక గానీ, ఒక్క సైటు గానీ సమీక్ష రాయలేదు. పీఆర్ (ప్రచార) ఏజెన్సీకి డబ్బు పెట్టాలా, ఇంగ్లీషులోకి మారాలా అని అడుగుతున్నారు.

పీఆర్ ఇప్పుడే వద్దు. ఇంగ్లీషు అసలే వద్దు. నవంబర్ చివర మాత్రం కచ్చితంగా వద్దు. ఎందుకో చెప్తాను.

ప్రోగ్ గురించి రాసేవాళ్లలో ఎక్కువమంది పగలు ఇంకో ఉద్యోగం చేసుకుంటూ ఇష్టం కొద్దీ రాసేవాళ్లే. మెయిల్ తెరిస్తే కుప్పలుగా లింకులు. మీ ఈపీని ఏ రాత్రి పూటో హెడ్‌ఫోన్స్ పెట్టుకుని ఒకసారి వింటారు, పట్టుకుంటే రెండోసారి వింటారు. మీరు 7/8 లో (ఆవృత్తికి ఏడు దెబ్బల లెక్కలో) వాయించారన్నది వాళ్లకు విశేషం కాదు, ఈ జానర్‌లో అందరూ చేసేదే. రాయడానికి వాళ్లకు ఒక విషయం దొరకాలి. మీ దగ్గర ఆ విషయం ఉంది, దాన్ని మీరే దాచేశారు. మీ మూడో పాట బెళ్ళందూరు చెరువు మీద. ఆ చెరువు నురగకు 2015 లో నిప్పంటుకుంటే దేశమంతా టీవీలో చూసింది. ఆ ఒడ్డున అపార్ట్‌మెంట్లలో ఉంటూ ఆఫీసులకు పోయే తెలుగువాళ్లు దాని మీద పదకొండు నిమిషాల పాట కట్టారంటే, సంగీతం వినకముందే చెవి ఇటు తిరుగుతుంది. మీరు ప్రశ్నతో పాటు పెట్టిన బయోలో ఆ సంగతి నాలుగో పేరాలో, అదీ సగం వాక్యంలో ఉంది. మొదటి పేరా నిండా ఎవరెవరి ప్రభావం ఉందో చెప్పే తొమ్మిది విదేశీ బ్యాండ్ల పేర్లు. ఆ పేర్లు తీసేయండి. టూల్, పోర్క్యుపైన్ ట్రీ పేర్లు చూడగానే సమీక్షకుడు మిమ్మల్ని వాళ్లతో పోల్చే వింటాడు, ఆ పోటీలో ఎవరు నెగ్గుతారో వేరే చెప్పక్కర్లేదు.

ఇక అసలు పని రికార్డింగ్‌లో ఉంది. మన దగ్గరి ప్రోగ్ రికార్డులకు సమీక్షల్లో మార్కులు పోయేది రచన దగ్గర తక్కువ, ప్రొడక్షన్ దగ్గర ఎక్కువ.

మొదట డ్రమ్స్. బేసి లెక్కల పాటను 4/4 క్లిక్ (చెవిలో టిక్ టిక్ అని లెక్క చెప్పేది) పెట్టుకుని వాయించి, తర్వాత ఎడిటింగ్‌లో సర్దేద్దాం అనుకోవద్దు. 7/8 భాగానికి ఎయిత్ నోట్ క్లిక్ (ఏడు దెబ్బలకూ ఒక్కో టిక్) పెట్టి, యాక్సెంట్ (గట్టి టిక్) మీ రిఫ్ (పదే పదే వచ్చే గిటార్ ముక్క) విరుపు ప్రకారమే పెట్టండి. మనవాళ్లకు మిశ్ర చాపు (ఏడు దెబ్బల కర్ణాటక తాళం) చెవిలో ఉంటుంది కాబట్టి చెయ్యి తెలియకుండానే 3+4 కు పోతుంది. రిఫ్ 2+2+3 లో ఉండి డ్రమ్మర్ 3+4 లో ఊపితే ఇద్దరూ తప్పు వాయించనట్టే ఉంటుంది, పాట మాత్రం కుంటుతుంది. స్టూడియోకు పోకముందే టెంపో మ్యాప్ రాసుకోండి: ఏ బార్ (తాళం ఒక చుట్టు) నుంచి ఏ బార్ వరకు ఎంత బీపీఎం (నిమిషానికి ఎన్ని దెబ్బలు), ఎక్కడ సిగ్నేచర్ (తాళం లెక్క) మారుతుంది. కోరస్‌లో రెండు బీపీఎం పెంచితే సహజంగా ఉంటుంది. లైవ్‌లో మీరు ఎలాగూ పరిగెడతారు కదా, ఆ పరుగును మ్యాప్‌లో పెట్టేయండి. ఎడిటింగ్‌లో ప్రతి దెబ్బనూ గ్రిడ్‌కు (సాఫ్ట్‌వేర్ కొలత గీతలకు) లాగితే డ్రమ్మర్ పోయి మెషీన్ మిగులుతుంది. బార్ మొదటి దెబ్బ ఒక్కటి సరిచేసి, లోపలివి వదిలేయండి, చాలు.

డ్రమ్స్ పైన పెట్టే ఓవర్‌హెడ్ మైకులు రెండూ స్నేర్ (చురుగ్గా మోగే చిన్న డ్రమ్) మధ్య నుంచి ఒకే దూరంలో ఉండాలి. టేపు లేకపోతే మైక్ కేబుల్‌నే చాచి కొలవండి: ఒక చివర స్నేర్ మీద వేలితో పట్టుకుని, కేబుల్ ఎడమ మైకు దాకా తెచ్చి, అక్కడ ముడి వేసి, అదే ముడి కుడి మైకుకు తగిలేలా స్టాండు జరపండి. ఇది చేయకపోతే స్నేర్ ఒక పక్కకు ఒరిగి, పల్చగా, డబ్బా కొట్టినట్టు వస్తుంది. ఏ ప్లగిన్ పెట్టినా అది కుదురుకోదు. తర్వాత కిక్ (కాలితో వాయించే పెద్ద డ్రమ్) మైకు పోలారిటీ, అంటే సిగ్నల్ దిశ, ఒకసారి తిప్పి చూడండి. ఎటు తిప్పితే అడుగు బలంగా వినిపిస్తుందో అలా ఉంచండి. కొత్త హెడ్స్ (డ్రమ్ మీది తొడుగులు) వేసి, పాటకూ పాటకూ మధ్య మళ్లీ ట్యూన్ చేయాలి. నాలుగు పాటల డ్రమ్స్‌కు రెండు పూర్తి రోజులు బుక్ చేయండి. ఒక్కరోజులో ముగిద్దాం అన్న బ్యాండ్లకు నాలుగో పాట దగ్గరికి వచ్చేసరికి చేతుల్లో సత్తువ ఉండదు. మీ పదకొండు నిమిషాల పాటను మొదటి రోజు పొద్దున పెట్టుకోండి.

తర్వాత అడుగు ఫ్రీక్వెన్సీల గొడవ. మీ సెవెన్ స్ట్రింగ్ గిటార్ డ్రాప్ A లో (అడుగు తీగను A స్వరానికి దించి) ఉందన్నారు. ఆ అడుగు తీగ వేలు నొక్కకుండా మీటితే 55 హెర్ట్జ్. బేస్ దానికి ఒక ఆక్టేవ్ కింద వాయిస్తే 27.5 హెర్ట్జ్, అది ఫోన్‌లో రాదు, మామూలు ఇయర్‌ఫోన్స్‌లో రాదు, చాలా స్టూడియో మానిటర్లలో కూడా సరిగ్గా రాదు. అందుకే మీ సింగిల్స్‌లో బేస్ ఉందా లేదా అన్న అనుమానం. గిటార్లకు 80 నుంచి 100 హెర్ట్జ్ మధ్య హైపాస్ (అంతకు కింది శబ్దాన్ని కోసే ఫిల్టర్) పెట్టండి. ఒంటరిగా వింటే గిటార్ సన్నబడినట్టు అనిపిస్తుంది, కంగారు పడొద్దు, బ్యాండ్‌లో కలిపి వినండి. బేస్‌ను రెండు ట్రాకులుగా చీల్చి, ఒకటి శుభ్రంగా అడుగుకు, రెండోదానికి డిస్టార్షన్ వేసి 700 నుంచి 1200 హెర్ట్జ్ ప్రాంతం పైకి తేవాలి. చిన్న స్పీకర్‌లో బేస్ వినిపించేది ఆ రెండోదాని వల్లే. 200 నుంచి 400 హెర్ట్జ్ మధ్య రెండు గిటార్లు, కీబోర్డ్ ప్యాడ్ (వెనక సాగుతూ ఉండే స్వరం), గాయకుడి గొంతు అడుగుభాగం అన్నీ వచ్చి కూర్చుంటాయి. ‘మిక్స్ మందంగా ఉంది’ అని సమీక్షలో వస్తే వాళ్లన్నది సాధారణంగా ఈ ప్రాంతాన్నే.

మాస్టరింగ్‌కు (మిక్స్ తర్వాత చేసే చివరి సర్దుబాటుకు) పంపేటప్పుడు మాస్టర్ బస్ (ట్రాకులన్నీ కలిసే చోటు) మీద లిమిటర్ (శబ్దం హద్దు దాటకుండా నొక్కేది) తీసేసి, పీకులు (అత్యంత గట్టి క్షణాలు) మైనస్ 6 డీబీ దగ్గర ఉండేలా 24 బిట్ వేవ్ ఫైళ్లు ఇవ్వండి. స్పాటిఫై పాటల్ని మైనస్ 14 లఫ్స్ (పాట మొత్తం ఎంత గట్టిగా ఉందో చెప్పే కొలత) దగ్గరికి సర్దుతుంది, కాబట్టి మైనస్ 7 కు దంచి పంపినా అక్కడ దాని శబ్దం తగ్గించేస్తారు, మీ పాటలో ఎత్తుపల్లాలు పోవడం ఒక్కటే మిగులుతుంది. ఈ జానర్‌కు మైనస్ 11 చుట్టుపక్కల, ట్రూ పీక్ మైనస్ 1 డీబీ దాటకుండా ఉంటే నిశ్శబ్దంగా ఉన్న చోట నిశ్శబ్దం, విరుచుకుపడే చోట బలం రెండూ బతుకుతాయి. మిక్స్ చేసినవాళ్లే మాస్టరింగ్ చేయకపోవడం మంచిది. కొత్త చెవి కావాలి.

గొంతు గురించి ఒక మాట. తెలుగు మాట వినపడాలి. మన ప్రోగ్ బ్యాండ్లు గొంతును ఇంకో వాయిద్యంలా మిక్స్‌లో ముంచేస్తాయి. భాష తెలియని సమీక్షకుడికి అది పెద్ద తేడా కాదు గానీ, తెలిసినవాడికి చిరాకు. రాసేటప్పుడే చూసుకోవాల్సింది ఇంకోటి: పొట్టి అక్షరం మీద మెలోడీని సాగదీస్తే మాట వేరే మాటలా వినిపిస్తుంది. సాగే నోట్ కింద దీర్ఘాక్షరం పడేలా పదాలు మార్చుకోండి. ఇంగ్లీషులో మెలోడీ కట్టుకుని తర్వాత తెలుగు నింపే అలవాటున్న బ్యాండ్లలో ఈ తప్పు ప్రతి పాటలోనూ ఉంటుంది.

భాష మార్చాలా అన్నదానికి మీ ఊళ్లోనే జవాబుంది. 2010 లో ఇక్కడే మొదలైన పర్వాజ్ ఉర్దూ, కశ్మీరీ భాషల్లో పాడే బ్యాండ్. 2012 లో ఈపీ, 2014 లో మొదటి పూర్తి ఆల్బమ్, 2019 లో రెండోది. బెంగళూరు శ్రోతల్లో ఆ పాటల మాటలు అర్థమైనవాళ్లు ఎంతమంది? అయినా దేశమంతా తిరిగి వాయించారు. అగమ్ అనే బ్యాండ్ 2003 నుంచి కర్ణాటక కృతుల్ని రాక్‌తో కలుపుతోంది, అది ఇంకో దారి. అన్నట్టు, మీ పాటలో చాపు తాళం నడక కనపడగానే విదేశీ సమీక్షకులు ‘కర్ణాటిక్ ఫ్యూజన్’ అని ముద్ర వేసేస్తారు. మీది అది కాదు కాబట్టి బయోలో జానర్ మీరే ముందు చెప్పేయండి. ఆలస్యం గురించి కూడా బెంగ వద్దు. ఆస్ట్రేలియాలోని పెర్త్ నుంచి వచ్చిన కార్నివూల్ బ్యాండ్ ఈ ప్రోగ్ ఆల్టర్నేటివ్ దారికి పెద్ద ఉదాహరణ. వాళ్ల మొదటి ఆల్బమ్ 2005 లో వస్తే, ఆస్ట్రేలియా ఆల్బమ్ చార్టులో రెండో స్థానం దాకా వెళ్లింది 2009 నాటి రెండో ఆల్బమ్. మొదటి స్థానం 2013 లో మూడోదానికి దొరికింది.

పాటల వరుస. ఇప్పుడు మీ ఈపీ నిమిషం నలభై సెకన్ల గాలి చప్పుడు, సింథ్ ప్యాడ్‌తో మొదలవుతుంది. లైవ్‌లో లైట్లు ఆర్పి చేస్తే బాగుంటుంది. లింకు నొక్కినవాడు మాత్రం స్లైడర్‌ను ముందుకు లాగుతాడు, లాగాడంటే ఆ పాట అయిపోయినట్టే. ఇరవై సెకన్లకు కుదించండి, లేదా వేరే ట్రాక్‌గా చీల్చండి. ఆరు నిమిషాల రెండో పాట ముందుకు రావాలి, అందులో గొంతు, రిఫ్, మలుపు మూడూ మొదటి రెండు నిమిషాల్లోనే తెలుస్తాయి. చెరువు పాట చివరికి. దానికి నాలుగున్నర నిమిషాల సింగిల్ ఎడిట్ కూడా ఇప్పుడే మిక్స్‌లో చేయించుకోండి, రేడియోకూ వీడియోకూ అదే పనికొస్తుంది. తర్వాత ఫేడ్ అవుట్ పెట్టి కోసినది కోసినట్టే ఉంటుంది.

ప్రెస్ కిట్‌లో పెట్టాల్సినవి తక్కువే. 150 పదాల బయో, దాని మొదటి వాక్యంలోనే ఊరు, భాష, జానర్, చెరువు. 3000 బై 3000 పిక్సెళ్ల కవర్. అడ్డం ఒకటి, నిలువు ఒకటి, మొహాలు కనపడే ఫోటోలు, ఫోటో తీసినవాళ్ల పేరుతో సహా. నలుగురూ రైలు పట్టాల మీద నాలుగు దిక్కులు చూస్తున్న ఫోటో ఇక చాలు దయచేసి. సాహిత్యం మూడు రకాలుగా: తెలుగు లిపిలో, రోమన్‌లో, ఇంగ్లీషు తాత్పర్యంగా. తెలుగు బ్యాండ్లు దాదాపు ఎప్పుడూ మరిచిపోయేది ఈ మూడోదే. మాటలు అర్థం కాని సమీక్షకుడు గిటార్ గురించి రెండు లైన్లు రాసి ఊరుకుంటాడు, తాత్పర్యం చేతిలో ఉంటే చెరువు గురించి పేరా రాస్తాడు. ఎవరు ఏం వాయించారు, ఎక్కడ రికార్డ్ చేశారు, మిక్స్ ఎవరు, మాస్టరింగ్ ఎవరు అన్నది ఒక పేజీ. పాటలు ప్రైవేట్ స్ట్రీమింగ్ లింకుగా, దాని కింద డౌన్‌లోడ్ లింకు. మెయిల్‌కు ఫైళ్లు అంటించొద్దు. ఎంపీత్రీల్లో ట్యాగులు నింపండి, ‘ఫైనల్ మిక్స్ 7 కొత్తది’ అన్న పేరుతో వచ్చిన ఫైలు ఎవరి కంప్యూటర్‌లోనైనా దొరక్కుండా పోతుంది. లింకుకు గడువు పెట్టొద్దు, లాగిన్ అడగొద్దు.

మెయిల్ 120 పదాలు దాటకూడదు. సబ్జెక్ట్‌లో బ్యాండ్ పేరు, ఈపీ పేరు, విడుదల తేదీ, జానర్. పేరు పెట్టి పలకరించండి, అతను ఇటీవల రాసిన ఏ సమీక్ష చూసి మీది పంపుతున్నారో ఒక్క వాక్యం. యాభై మందిని బీసీసీలో (ఒకరి పేరు ఒకరికి కనపడకుండా) పెట్టి పంపిన మెయిల్ చూడగానే తెలిసిపోతుంది. పది రోజులకు ఒకసారి గుర్తుచేయండి, అంతే. ఇన్‌స్టాగ్రామ్‌లో మెసేజ్, వాట్సాప్‌లో మెసేజ్, గిగ్‌లో కనపడితే భుజం తట్టి అడగడం, ఇవన్నీ మీ పేరు పాడుచేస్తాయి.

తేదీ విషయం. నవంబర్ చివర విడుదలైతే సంవత్సరాంతపు జాబితాలు అప్పటికే తయారైపోయి ఉంటాయి, జనవరిలో మీరు పాతబడి ఉంటారు. జనవరి మూడో శుక్రవారం పెట్టుకోండి. అక్కణ్ణుంచి వెనక్కి లెక్కేస్తే మాస్టర్ ఫైళ్లు నవంబర్ మొదటి వారానికి చేతిలో ఉండాలి, సమీక్షకులకు మెయిళ్లు ఆరు నుంచి ఎనిమిది వారాల ముందు వెళ్లాలి, ప్రింట్ పత్రికకైతే ఇంకా ముందు. డిస్ట్రిబ్యూటర్‌కు (పాటల్ని స్పాటిఫై లాంటి చోట్లకు చేర్చే కంపెనీకి) నాలుగు వారాల ముందు అప్‌లోడ్. స్పాటిఫై ఎడిటర్లకు పిచ్ (ప్లేలిస్టులో పెట్టమని అడగడం) చేయగలిగేది విడుదల కాని పాటనే, ఒకసారి ఒక్కటే. కనీసం ఏడు రోజుల ముందు చేస్తే మీ ఫాలోయర్ల రిలీజ్ రాడార్‌లో (కొత్త పాటల ప్లేలిస్టులో) ఆ పాటే పడుతుంది. అప్‌లోడ్ ఆలస్యం చేసి ఈ అవకాశం పోగొట్టుకునే బ్యాండ్లే ఎక్కువ. బ్యాండ్లు తమ పాటల్ని నేరుగా అమ్ముకునే బ్యాండ్‌క్యాంప్ సైటులో కూడా పెట్టండి. ప్రోగ్ శ్రోతలు లాస్‌లెస్ (నాణ్యత తగ్గించని) ఫైలు డబ్బిచ్చి కొనే జాతి, డిజిటల్ అమ్మకంపై బ్యాండ్‌క్యాంప్ తీసుకునేది 15 శాతం.

ఎవరికి పంపాలి? ముందు ఊళ్లో పత్రికల నగర పేజీలు. వాళ్లకు సంగీతం కంటే చెరువు కథ ముఖ్యం, అది తప్పేమీ కాదు. తర్వాత రోలింగ్ స్టోన్ ఇండియా, ది ఇండియన్ మ్యూజిక్ డైరీస్ లాంటివి. విదేశాల్లో చిన్న ప్రోగ్ సైట్లతో మొదలుపెట్టండి. డచ్ ప్రోగ్రెసివ్ రాక్ పేజ్ లాంటివి కొత్త బ్యాండ్లను కూడా ఓపిగ్గా విని సమీక్షిస్తాయి. ప్రోగ్ ఆర్కైవ్స్ అనే సైటులో బ్యాండ్‌ను చేర్చమని సూచిస్తే అక్కడి జానర్ బృందం విని తేలుస్తుంది. చేరితే శ్రోతలే సమీక్షలు రాస్తారు. బ్రిటన్‌లోని ‘ప్రోగ్’ అనే పత్రికలో కొత్తవాళ్ల కోసం లైమ్‌లైట్ అనే శీర్షిక ఉంది. చిన్న సైట్లలో మూడు నాలుగు మంచి సమీక్షలు చేతిలో పెట్టుకుని అక్కడికి వెళ్లండి, ముందే కాదు.

డబ్బిస్తే సమీక్ష రాస్తామనే సైట్లకు రూపాయి ఇవ్వొద్దు. అవి అందరినీ ఒకేలా పొగుడుతాయి, ఆ సంగతి మిగతా సమీక్షకులకు స్పష్టంగా తెలుసు. ‘పదివేల స్ట్రీములు గ్యారంటీ’ అన్నవాడు బాట్లు (మనుషుల్లా పాట ప్లే చేసే ప్రోగ్రాములు) పెడతాడు. స్పాటిఫై ఆ స్ట్రీములు తీసేయడమే కాదు, 2024 నుంచి మరీ శ్రుతిమించితే డిస్ట్రిబ్యూటర్‌కు జరిమానా వేస్తోంది, ఆ డిస్ట్రిబ్యూటర్ మీ పాటను దించేయవచ్చు. పీఆర్ మనిషి పనికొచ్చేది పూర్తి ఆల్బమ్, పది ఊళ్ల టూర్ ఉన్నప్పుడు. నాలుగు పాటలకు ఆ డబ్బు మాస్టరింగ్‌లో పెట్టండి.

సమీక్షకుడిని గిగ్‌కు పిలిస్తే మీ సెట్ ఏ గంటకో కచ్చితంగా చెప్పి, ఆ గంటకే ఎక్కండి. వైట్‌ఫీల్డ్ నుంచి ఇందిరానగర్‌కు శుక్రవారం సాయంత్రం వచ్చే మనిషికి గంట ఆలస్యం అంటే సగం కోపం ముందే వచ్చేసినట్టు. ఆరుబయట వేదికైతే రాత్రి 10 తర్వాత లౌడ్‌స్పీకర్ ఆపాలి, 2000 నాటి శబ్ద కాలుష్య నియమాలు అవి. ఆలస్యంగా ఎక్కితే కోతపడేది మీ చివరి పాట, అంటే చెరువు పాటే. 35 నిమిషాలు చాలు, కవర్లు వద్దు. స్టేజ్ ప్లాట్ (ఎవరు ఎక్కడ నిలబడతారో చూపే బొమ్మ), ఇన్‌పుట్ లిస్ట్ (ఏ వాయిద్యానికి ఏ మైకు, ఏ లైను) రెండు రోజుల ముందే సౌండ్ ఇంజనీర్‌కు పంపండి. బ్యాకింగ్ ట్రాకులు వాడుతున్నారు కాబట్టి నాలుగు అవుట్‌పుట్ల ఇంటర్‌ఫేస్ తప్పనిసరి: ఒకటి, రెండు పీఏకు (హాలు స్పీకర్లకు), మూడు క్లిక్‌తో డ్రమ్మర్ చెవికి. సౌండ్ చెక్‌లో మొదట క్లిక్ ఒక్కటే ప్లే చేసి హాల్లో నిలబడి వినండి. పీఏలో టిక్ టిక్ వినపడిందంటే కేబుల్ మారింది. అద్దాల గోడలున్న పబ్‌లో గిటార్ గెయిన్‌ను జామ్ రూమ్‌లో పెట్టినదానికి మూడో వంతు తగ్గించండి, రిఫ్ విడివిడిగా వినపడుతుంది.

సమీక్షలు వచ్చాక వాదించొద్దు. ‘పోలిక తప్పు’ అని కామెంట్ పెట్టిన బ్యాండ్ గురించి ఆ మనిషి రెండోసారి రాయడు. ఒకరు డ్రమ్స్ గట్టిగా ఉన్నాయంటే అది అభిరుచి, ముగ్గురు అంటే తర్వాతి రికార్డుకు తగ్గించాల్సిందే. పోస్టర్ మీద వాక్యం వాడుకుంటే సందర్భం చెడకుండా వాడి, పక్కన పత్రిక పేరు వేయండి. ‘అద్భుతంగా మొదలై దారి తప్పింది’ అన్నదాంట్లోంచి ‘అద్భుతం’ కోసి పెట్టే బ్యాండ్లు ఉన్నాయి, అది రాసినవాడు చూస్తాడు. ఆ సమీక్షల లింకులు ఒక పేజీలో పెట్టుకుంటే ఫెస్టివల్ అర్జీలకు, మీ ఊళ్లోనే 30 ఏళ్ల లోపు కళాకారులకు ఇచ్చే టోటో అవార్డుకు పెట్టే దరఖాస్తుకు అవే ఆధారం.

చివరగా, అప్‌లోడ్‌కు ముందే నలుగురూ కూర్చుని రచన వాటాలు శాతాల్లో రాసుకుని సంతకాలు పెట్టండి, రచయితలకు, స్వరకర్తలకు రాయల్టీ వసూలు చేసే ఐపీఆర్‌ఎస్‌లో సాహిత్యం రాసినవారు, స్వరం కట్టినవారు విడివిడిగా సభ్యులుగా చేరండి. ప్రతి పాటకు ఆ రికార్డింగ్‌ను గుర్తించే 12 అక్షరాల ఐఎస్‌ఆర్‌సీ కోడ్ ఉంటుంది. డిస్ట్రిబ్యూటరే ఇస్తాడు, దాన్ని రాసి పెట్టుకోండి. డిస్ట్రిబ్యూటర్‌ను మార్చినప్పుడు పాత కోడ్‌తోనే ఎక్కిస్తే అప్పటిదాకా వచ్చిన స్ట్రీముల లెక్క సాధారణంగా పోదు. సింగిల్ ఎడిట్‌కు మాత్రం వేరే కోడ్ తీసుకోవాలి.